బల్లగుడ్డ నాలుగో మూల

మొన్నామధ్య మా కోడలు ఫోన్లో ఆర్డరిచ్చి తెప్పించిన లేసు టేబులుగుడ్డ ఒకటి పార్సిల్లో వచ్చింది. విప్పి చూస్తే గుడ్డకంటే దానికి తగిలించిన అట్టముక్కే ఘనంగా ఉంది. దాని మీద ఒక ముద్ర, ఒక నంబరు, ఫోనుకి చూపించాల్సిన నలుపు తెలుపు గళ్ళ చదరం ఉన్నాయి. ఆ చదరాన్ని ఫోనుకి చూపిస్తే, ఈ లేసు ఫలానా ప్రాంతంలో పుట్టింది, ఆ ప్రాంతం వాళ్ళు తప్ప మరొకరు ఈ పేరు వాడుకోవడానికి చట్టం ఒప్పుకోదు అని ఇంగ్లీషులో నాలుగు ముక్కలూ, పక్కన రంగు వేసిన మ్యాపూ వచ్చాయి. చూశారా అత్తయ్యా, మన వైపుదే, గవర్నమెంటు గుర్తింపు కూడా ఉంది అని కోడలు మురిసిపోయింది. నేను కళ్ళజోడు సవరించుకుని, ఆ మ్యాపుని రెండు వేళ్ళతో పెద్దది చేసి (అదీ కోడలు నేర్పిన విద్యే లెండి) మెల్లగా కొల్లేరు దాటించి మండవల్లి దగ్గరికి తీసుకెళ్ళి వెతికాను. రంగు అక్కడిదాకా రాలేదు. రాదని నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు, అయినా ఎందుకో వెతికాను.

మన తరంలో టైపు లోయరూ హయ్యరూ పాసై, ఉద్యోగం రాక, పెళ్ళయి, పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఆ సర్టిఫికెట్లను ట్రంకుపెట్టె అడుగునుంచి మళ్ళీ బయటికి తీసిన ఆడవాళ్ళు చాలామందే ఉంటారు. నేనూ ఆ బాపతే. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళవి. ఏలూరులో పొద్దున్నే పాసింజరెక్కి, కిటికీ పక్క సీటు కోసం రోజూ వచ్చే టీచరమ్మలతో మర్యాదగా పోట్లాడి, తాడేపల్లిగూడెంలో దిగి, స్టేషను నుంచి నడుచుకుంటూ ఎరువుల కొట్టు మీది మేడగదికి చేరేదాన్ని. లేసు అల్లే ఆడవాళ్ళ బాగు కోసమని కొందరు పెద్దలు కలిసి పెట్టిన చిన్న సంఘం ఆఫీసు అది. కింద యూరియా బస్తాల వాసన, పైన ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన లేసు గుడ్డ. సంఘం కార్యదర్శిగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి, నేను ఆయన దగ్గర టైపిస్టుని, అటెండరుని, అప్పుడప్పుడూ ఆయన ఉపన్యాసాలకి ఏకైక శ్రోతని.

అప్పట్లో మన దేశం ప్రపంచ వాణిజ్య ఒప్పందాల్లో చేరిందనీ, చేరింది కాబట్టి చట్టాలన్నీ అందుకు తగ్గట్టు ఒకటొకటిగా మార్చుకోవాలనీ, గడువులు దగ్గర పడుతున్నాయనీ పేపర్లో రోజూ ఏదో ఒకటి ఉండేది, మీకూ గుర్తుండే ఉంటుంది. మందుల చట్టం మారుతుందట, విత్తనాలకి కొత్త చట్టమట, బట్టల ఎగుమతికి ఏ దేశానికెంత అని ఉండే కోటాలు ఎత్తేస్తారట. ఒకాయన రాసింది చదివితే ఇక మనకి అన్నీ మంచిరోజులే అనిపించేది, మర్నాడు ఇంకొకాయన రాసింది చదివితే మూటాముల్లె సర్దుకోవాలేమో అని భయం వేసేది. మా కార్యదర్శిగారు ఈ రెండు రకాలూ చదివి, పొద్దున ఒక రకంగానూ, మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఇంకో రకంగానూ నాకు బోధపరిచేవారు. సాయంత్రం రైల్లో కూర్చున్నాక నాకు పొద్దుటిదీ గుర్తుండేది కాదు, మధ్యాహ్నానిదీ గుర్తుండేది కాదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గు, ఎందుకంటే ఆ కాయితాలన్నీ టైపు కొడుతున్నది నేనే.

ఆ చట్టాలన్నింటిలో మాకు సంబంధించింది ఒకటే. ఒక ప్రాంతంలో పుట్టి, ఆ ప్రాంతం పేరుతోనే నలుగురికీ తెలిసిన సరుకు మీద, ఆ పేరు వాడుకునే హక్కు అక్కడివాళ్ళకి రాసిచ్చే చట్టం. మన గోదావరి లేసుకి అలా రాయించుకోవాలంటే ఏయే ఊళ్ళలో లేసు అల్లుతున్నారో జాబితా తయారు చేయాలి. జాబితాలో ఉన్న ఊరివాళ్ళు ఆ పేరుతో అమ్ముకోవచ్చు, లేనివాళ్ళు అమ్ముకోకూడదు. ఎగుమతి చేసే షావుకార్లు అప్పటికే, రేపు జాబితాలో లేని ఊళ్ళకి దారం పంపించం అని చెప్పేస్తున్నారు. లేసు పనిలో దారం షావుకారు పంపిస్తాడు, అల్లిన పని షావుకారు పట్టుకెళతాడు. దారం రావడం ఆగిపోతే ఆ పేటలో పని ఆగిపోయినట్టే. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు బాగానే అర్థమైంది, ఎందుకంటే మా పెద్దమ్మ పేట ఆ జాబితా అంచున వేలాడుతోంది.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకి అక్క, మండవల్లి వైపు కొల్లేటి ఒడ్డున ఒక క్రైస్తవ పేటలో ఉండేది. అప్పుడది కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా అంటున్నారు. పేట ఉన్నచోటే ఉంది, జిల్లాయే నడుచుకుంటూ వచ్చి దాన్ని కలుపుకుంది. లేసు అనగానే అందరూ నరసాపురం వైపే చూస్తారు గానీ, కొల్లేటి అంచున ఈ ఒక్క పేటలో లేసు ఉండడానికి కారణం మా అమ్మమ్మ. మిషను వారి హాస్టల్లో దొరసాని దగ్గర చదువూ లేసూ నేర్చుకుని, ఆవిడే బైబిలు స్త్రీగా ఇక్కడికి పంపిస్తే, మా అమ్మమ్మ ఊరూరా తిరిగి వాక్యం చెబుతూ, చెప్పడం అయ్యాక కొంగులోంచి కొక్కెం సూదీ దారపు ఉండా తీసి ఆడపిల్లలకి లేసు నేర్పేదట. వాక్యం ఎంతమంది విన్నారో తెలియదు గానీ లేసు మాత్రం అందరూ పట్టుకున్నారని పెద్దమ్మ నవ్వేది.

ఆ పేటలో మగవాళ్ళు చేపల చెరువుల మీద కూలికి పోయేవాళ్ళు. ఆడవాళ్ళు పొద్దున చేపలు శుభ్రం చేసి, మధ్యాహ్నం చింతపండుతోనూ సున్నిపిండితోనూ మోచేతుల దాకా తోముకుని, ఒళ్ళో ఉతికిన తెల్లగుడ్డ పరుచుకుని లేసు పట్టుకునేవాళ్ళు. అయినా షావుకారు మనిషి వచ్చి పని పైకెత్తి వాసన చూసేవాడు. కొల్లేటి పని అని వాసనతో చెప్పగలనని గొప్పలు పోయేవాడు. మా పెద్దమ్మకి అది పెద్ద అవమానం. ఆవిడ అతుకుపని చేసేది. విడివిడిగా అల్లిన పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి గుడ్డగా చేయడం అతుకుపని, అది అందరికీ రాదు. ఆవిడ అతికిన చోటు చూపించమంటే అల్లినవాళ్ళే చూపించలేకపోయేవాళ్ళు. చదువు మాత్రం ఆవిడకి అబ్బలేదు. తెలుగులో తన పేరు రాసుకోగలిగేది, బైబిల్లో తనకిష్టమైన కీర్తన ఏ పేజీలో ఉందో ఆ పేజీ అంచు నలుగుడుని బట్టి తీయగలిగేది, అంతే.

ఇక ఆ బల్లగుడ్డ సంగతి. పేటలో మొదటిసారి చర్చి కట్టినప్పుడు, ప్రభురాత్రి భోజనపు బల్ల మీదికి మా అమ్మమ్మా, ఆవిడ దగ్గర మొదట నేర్చుకున్న నలుగురు పిల్లలూ కలిసి అల్లిన గుడ్డ అది. నడుమంతా చిన్న చిన్న పువ్వులు, నాలుగు మూలలకీ నాలుగు చదరాలు. మూడు చదరాల్లో ద్రాక్షగుత్తులు. నాలుగో చదరంలో, కొన్ని గళ్ళు మూసి కొన్ని గళ్ళు తెరిచి వదిలే పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాల్లో దొరసాని పేరు, దాని కింద పేట పేరు, దాని కింద ఆ ఏటి అంకెలు. దొరసానే కాయితం మీద గళ్ళు గీసి పంపించిందట, చూసి అల్లారట. చర్చి రిజిస్టరు ఏనాడో వరదలో నాని ముద్దయిపోయింది, ఆనాటి మనుషులు పోయారు, ఆ గుడ్డ ఒక్కటి మిగిలింది. నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధన రోజున దాన్ని పరిచేవాళ్ళు, మిగతా రోజుల్లో పెద్దమ్మ ఇంట్లో వేపాకు వేసి చుట్టి దాచేది. వార్షికోత్సవం రోజున ప్రార్థనలో దొరసానిని పేరు లేకుండా, దొరసాని అమ్మగారు అనే తలుచుకునేవాళ్ళు.

తప్పు ఎక్కడ మొదలైందో ఇన్నేళ్ళ తర్వాత వెనక్కి తిరిగి చూసుకుంటే, పసుపు దగ్గర మొదలైందని అనిపిస్తుంది. పసుపు మీదా వేప మీదా పరాయి దేశం వాళ్ళు హక్కు రాయించుకున్నారనీ, మనవాళ్ళు పోరాడి విడిపించుకోవాల్సి వచ్చిందనీ ఆ రోజుల్లో అందరి నోటా ఇదే మాట. కార్యదర్శిగారు ఆ కథ చెప్పినప్పుడల్లా బల్ల గుద్ది చెప్పేవారు. ఒకరోజు అది వింటూ వింటూ నాకొక అనుమానం వచ్చింది. పసుపు మన వంటింట్లో పుట్టిందే, దాన్నే పట్టుకుపోబోతే, అసలు దొరసాని నేర్పిన లేసుని మనదని ఎవరు ఒప్పుకుంటారు? మా పేటలో అన్నిటికంటే పాత గుడ్డ మీద సాక్షాత్తూ ఆవిడ పేరే అల్లి ఉంటే, ఇది మాదే, చూడండి మా మనిషి పేరు అని రేపు వాళ్ళ దేశం వాళ్ళు అనరా? కార్యదర్శిగారిని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, చట్టంలో ఈ ప్రాంతంలో పుట్టినది అని ఉంది కదమ్మా, ఎందుకొచ్చిన గొడవ, ఆ దొరసాని మాట ఎత్తకుండా ఉంటే క్షేమం అన్నారు. ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే.

ఆ ఆదివారం ఏలూరు నుంచి కైకలూరు బస్సెక్కి, అక్కడ మారి, పేటకి వెళ్ళాను. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళంతా చర్చి అరుగు మీద నా చుట్టూ చేరారు. పై ఆఫీసు నుంచి ఒక ఆఫీసరు తాడేపల్లిగూడెం వస్తున్నారనీ, జాబితాలో సందేహం ఉన్న ఊళ్ళవాళ్ళు ఆయన ముందుకొచ్చి తమ పని చూపించుకోవాలనీ చెప్పాను. ఆ తర్వాత, ఏదో పెద్ద రహస్యం తెలిసినదానిలా గొంతు తగ్గించి, అక్కడ దొరసాని పేరు మాత్రం ఎవరూ ఎత్తొద్దన్నాను.

మా పెద్దమ్మ మెల్లగా, "అదేంటమ్మా, ఆవిడ నేర్పకపోతే మనకెక్కడిదే ఈ పని? నేర్పిన మనిషిని నేర్పలేదనమంటావా?" అంది. అనొద్దు, చెప్పకుండా ఊరుకుంటే చాలన్నాను. ప్రపంచ ఒప్పందం అన్నాను, చట్టం అన్నాను, పసుపన్నాను, వేపన్నాను. చెబుతున్నకొద్దీ నాకే ఎటు పోతున్నానో తెలియలేదు గానీ, ఇంగ్లీషు ముక్కలు కలిపేసరికి వాళ్ళు నమ్మారు. ఆడవాళ్ళలో ఒకావిడ, ఒప్పందంలో చేరితే దొరసానుల్ని మర్చిపోవాలా అండీ అని అమాయకంగా అడిగింది. దానికి నేనేమి జవాబు చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. పెద్దమ్మ చివర్లో ఒకటే అడిగింది, బల్లగుడ్డ తేవచ్చా అని. అంతకంటే మంచి పని మన దగ్గర లేదుగా, చూపించకపోతే ఎలా అంది. తీసుకురమ్మన్నాను. ఆ మూల మాత్రం లోపలికి మడిచిపెట్టమన్నాను. మడిచిపెట్టమన్న మాట నాకు బాగా గుర్తు. పెద్దమ్మ కొంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆఫీసరు వచ్చే రోజున పేట ఆడవాళ్ళు పదకొండు మంది కోడి కూయకముందే బయలుదేరి, బస్సులూ రైలూ మారి, పులిహోర క్యారేజీలతో తాడేపల్లిగూడెంలో దిగారు. అందరివీ తెల్లచీరలే, అందరి దగ్గరా సబ్బు వాసనే. చేప వాసన వస్తుందేమోనని రెండు రోజులుగా ఎవరూ చెరువు వైపు వెళ్ళలేదని ఒకావిడ నా చెవిలో చెప్పింది. పెద్దమ్మ బల్లగుడ్డని పాత చీరలో చుట్టి పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. సమావేశానికి ఒక కల్యాణ మండపం తీసుకున్నాం. ముందురోజు ఎవరి పెళ్ళో అయినట్టుంది, వేదిక మీద వాడిన బంతిపూలు అలాగే ఉన్నాయి.

ఆఫీసరు చాలా మంచాయన. ఆ మాట చెప్పి తీరాలి, ఎందుకంటే ఈ కథలో కోప్పడడానికి నాకు ఎవరైనా దొరుకుతారేమోనని ఇన్నేళ్ళూ వెతికాను, ఆయన కూడా దొరకలేదు. నరసాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు తమ వంతు రాగానే, ఏ దాపరికమూ లేకుండా, మా నాయనమ్మలకి దొరసానులే నేర్పారండి అని గర్వంగా చెబుతూ పాత ఫోటోలూ, ఉత్తరాలూ, అరిగిపోయిన రసీదులూ ఆయన ముందు పరిచారు. ఆయన సంతోషంగా రాసుకున్నారు. వెనక బెంచీ మీద కూర్చున్న నేను పెద్దమ్మ ఒళ్ళోని మూట వైపు చూశాను.

మా పేట వంతు వచ్చింది. ఆయన మ్యాపు మీద వేలు పెట్టి, ఇది కొల్లేరు అవతలెక్కడో ఉందే, ఇక్కడిదాకా లేసు ఎలా వచ్చింది అని అడిగారు. మా ఆడవాళ్ళు నా వంక చూశారు. ఆయనే మళ్ళీ మెత్తగా, "ఎవరు నేర్పారన్నది ఇబ్బంది కాదండీ అమ్మా. పని ఎక్కణ్ణించో వచ్చినా ఫరవాలేదు. మీ ఊళ్ళో ఎన్నాళ్ళనించి పాతుకుని ఉందో తెలియాలి, అంతే. సంవత్సరం వేసి ఉన్నది ఏదైనా ఉందా అండీ?" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నన్నెవరూ అడగకపోయినా లేచి ముందుకెళ్ళి, ఉందండీ, దొరసాని పేరు, ఊరు పేరు, సంవత్సరం, మూడూ అల్లి ఉన్న గుడ్డ ఉందండీ, వాళ్ళే భయపడి చెప్పడం లేదండీ అన్నాను. ఎవరు భయపెట్టారో మాత్రం చెప్పలేదు. పెద్దమ్మ చేతుల్లోంచి మూట తీసుకున్నాను. ఆవిడ ఇవ్వడానికి వెనకాడింది, అమ్మా అమ్మా అని ఏదో అనబోయింది, నేను వినిపించుకోలేదు. గుడ్డ బల్ల మీద పరిచాను. మొదటి మూల ద్రాక్షగుత్తి. రెండో మూల ద్రాక్షగుత్తి. మూడోదీ అదే. చుట్టూ తిరిగి నాలుగో మూలకి వచ్చాను. అక్కడా ద్రాక్షగుత్తే. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ ఒకసారి బల్ల చుట్టూ తిరిగాను. నాలుగు మూలలా నాలుగు ద్రాక్షగుత్తులు, దేనికది ముచ్చటగా, తేడా తెలియకుండా ఉన్నాయి.

"నేనేనండి బాబుగారూ," అంది పెద్దమ్మ తల దించుకుని. "ఆవిడ పేరు ఉండకూడదన్నారని విప్పేశానండి. దారం అదేనండి, పాతదే. పనే కొత్తది."

ఆ తర్వాత ఆవిడ నాకు విడిగా చెప్పింది. మడిచిపెట్టమన్నావు గానీ మడిచి దాచడం మోసం కదమ్మా, ఉన్నదాన్ని లేదన్నట్టు దేవుడి బల్ల మీది గుడ్డతో ఆట ఆడటం కదా అంది. అదే అక్కడ లేకపోతే దాచే పని లేదు, అబద్ధమాడే పనీ లేదు. అలా ఆలోచించుకుని, ఆ చదరాన్ని మెల్లగా అతుకు విడదీసి, కొస పట్టుకుని లాగిందట. ఎప్పటిదో దారం, పుటుక్కున తెగుతుందేమో అని భయపడిందట గానీ తెగలేదట, అక్షరం తర్వాత అక్షరం, అంకె తర్వాత అంకె, సాఫీగా ఊడి వచ్చిందట. ఆ దారాన్నే తడిపి, ఆరబెట్టి, దాంతోనే మిగతా మూడింటిని చూసి ద్రాక్షగుత్తి అల్లి అతికేసింది. ఏడుస్తూనే అల్లానమ్మా, తప్పయితే క్షమించమని దొరసాని అమ్మగారికి కూడా చెప్పుకున్నాను అంది. ఒక అబద్ధం ఆడకుండా ఉండడానికి ఆవిడ చేసిన పని అది. అలా చేయడం ఆవిడ ఒక్కదానికే తట్టేది, అంత బాగా చేయడం కూడా ఆవిడ ఒక్కదానికే చేతనయ్యేది.

ఆఫీసరు ఆ మూల చేత్తో పట్టుకుని, వెలుతురులో పైకెత్తి, వెనక్కి తిప్పి, చాలాసేపు చూశారు. అతుకు ఎక్కడుందో ఆయనకీ దొరకలేదు. కాస్త మోటుగా అతికి ఉంటే, ఏదో ఒక గుర్తు మిగిలి ఉంటే, పాత చదరం తీసేశారని రాయడానికైనా వీలుండేదేమో. ఆయన పెన్ను పక్కన పెట్టి, నాకు నమ్మకమేనండీ, కానీ కాయితం మీద రాయడానికి ఏదో ఒకటి కనబడాలి కదండీ అన్నారు. మా ఆడవాళ్ళు మిగతా పదిమందీ ఒకేసారి మాట్లాడారు, అందరం చూశామండీ, చిన్నప్పటినించీ చూశామండీ అని. ఏ సంవత్సరం ఉండేదమ్మా అని ఆయన అడిగితే మళ్ళీ అందరూ నా వంకే చూశారు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చినది నేనే కదా. నాకు ఆ అంకెలు గుర్తు రాలేదు. కంగారులో మర్చిపోయాననుకున్నాను, ఇంటికెళ్ళాక గుర్తొస్తుందనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో వాళ్ళని ఏలూరు దాకా నేనే తీసుకొచ్చాను. రైల్లో పెద్దమ్మ క్యారేజీ విప్పి నాకు పులిహోర పెట్టింది, పొద్దుటినించీ ఏమీ తినలేదు తిను అంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నేనే లోపల్లోపల అందర్నీ తిట్టుకున్నాను, కార్యదర్శిగారిని, పేపర్లని, ఒప్పందాలని, ఆఖరికి పెద్దమ్మని కూడా, నేను మడవమంటే నువ్వెందుకు విప్పావని. ఎవర్ని తిట్టినా చివరికి తిరిగి తిరిగి చర్చి అరుగు మీద గొంతు తగ్గించి మాట్లాడుతున్న నేనే కనిపించేదాన్ని.

జాబితా వచ్చింది, మా పేట లేదు. షావుకారు అన్నంత పనీ చేశాడు. దారం రావడం ముందు తగ్గింది, తర్వాత ఆగిపోయింది. చైనా మిషను లేసు దిగిందనీ, ఆ చట్టం వచ్చినా రాకపోయినా ఈ పని నిలిచేది కాదనీ కార్యదర్శిగారు నన్ను ఓదార్చేవారు. అది నిజమో, నా బాధ చూడలేక అన్నారో నాకు ఇప్పటికీ తేలలేదు. పేట ఆడవాళ్ళు ఒక్కొక్కరే రొయ్యలు ఒలిచే షెడ్లకి వెళ్ళడం మొదలుపెట్టారు. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి ఒలవాలి, వేళ్ళు పగిలి గరుకెక్కిపోయేవి. అలాంటి వేళ్ళకి సన్నదారం పట్టుకుంటుంది, జారదు, లాగితే పోగులు లేస్తాయి. ఇక షావుకారు మనసు మార్చుకుని దారం పంపించినా అల్లే చేతులు అక్కడ లేకుండా పోయాయి.

ఒక రెండేళ్ళ తర్వాత, నేనే ఒక ఉపాయం ఆలోచించి పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. చట్టానికి ఇక పనికిరాదు, తెలుసు, కనీసం చర్చి కోసమైనా, నా మనశ్శాంతి కోసమైనా ఆ మూల మళ్ళీ అల్లేయమని అడిగాను. ఆవిడ సంబరపడిపోయింది. షెడ్డుకి వెళ్ళని చేతులు పేటలో ఆవిడవే. వెంటనే ద్రాక్షగుత్తి విప్పడానికి కూర్చుని, సూది చేతిలోకి తీసుకుని, "ఆ అక్షరాలు నాకు బొమ్మల్లాంటివే కదమ్మా, చూడకుండా అల్లలేను. నువ్వు కాయితం మీద రాసియ్యి, చూసుకుంటూ అల్లేస్తాను," అంది. కాయితం ముందు పెట్టుకున్నాను. పేట పేరు రాశాను. దొరసాని పేరు దగ్గర కలం ఆగిపోయింది, మా ఇంట్లో ఎవరూ ఆవిడని పేరుతో పిలిచింది లేదు. అంకెలు రాద్దామంటే మొదటి రెండూ తప్ప ఏమీ తోచలేదు. పెద్దమ్మ ఓపిగ్గా ఎదురు చూసి, వంట వేళయింది, తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దువులే అని సూది పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత ఆవిడ తొమ్మిదేళ్ళు బతికింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అన్నీ మారిపోయాయి. పేటకి సిమెంటు రోడ్డు వచ్చింది, చర్చికి పాలరాయి వేశారు, పిల్లలు బల్ల ఆరాధన కూడా ఫోన్లో తీసి అందరికీ పంపిస్తున్నారు. నా దగ్గరే ఆ బల్లగుడ్డ ఫోటోలు పదో పన్నెండో ఉన్నాయి, నాలుగు మూలలూ స్పష్టంగా, నాలుగు ద్రాక్షగుత్తులతో. దేశం ఏయే ఒప్పందాల మీద సంతకాలు పెట్టిందో, వాటికోసం ఏయే చట్టాలు మార్చిందో, అందువల్ల ఎవరు బాగుపడ్డారో, ఎవరు పోయారో ఈనాటికీ నాకు తెలియదు. తెలిసినట్టు ఎవరికీ చెప్పే ధైర్యం కూడా ఇప్పుడు లేదు. ఒకటి మాత్రం తెలుసు. నా చిన్నప్పుడు ఆ చర్చిలో ఇంగ్లీషు చదవగలిగిన పిల్లని నేనొక్కదాన్నే. సెలవులకి వెళ్ళినప్పుడల్లా మా పెద్దమ్మ నన్ను ముందు వరసలో, సరిగ్గా ఆ మూల ఎదురుగా కూర్చోబెట్టేది. ఎన్ని ఆదివారాలు అది నా కళ్ళ ముందు వేలాడిందో లెక్కలేదు. ఒక్కసారి కూడా చదవలేదు.